బాచీనా, పెటాంకా, లాన్ బౌల్సా? ముందు కాళ్ల కింద నేల చూడండి

పోయినేడాది వేసవిలో అమ్మా నాన్నా తెనాలి నుంచి కాలిఫోర్నియాలో మా ఇంటికి వచ్చారు, ఆరు నెలలు ఉండటానికి. మొదటి రెండు వారాలు గుడి, కాస్ట్‌కో, చుట్టాల ఇళ్లతో గడిచిపోయాయి. ఆ తర్వాత నాన్న సోఫాకి, అమ్మ వంటింటికి అతుక్కుపోయారు. కాసేపు నడిచి రండి అంటే, "ఎక్కడికని నడుస్తాంరా, కుక్కల్ని తిప్పేవాళ్లు తప్ప మనిషి కనపడడు" అనేవారు. ఒక సాయంత్రం బలవంతాన పార్కుకి తీసుకెళ్లాను. అక్కడ చెక్కలు అడ్డం కట్టిన పొడవాటి మట్టి కోర్టులో నలుగురు పెద్దవాళ్లు రంగు బంతులు దొర్లిస్తున్నారు. నాన్న ఆగిపోయారు. పది నిమిషాలు చూసి, "ఇది మన గోలీలాటే కదరా, గోలీ పెద్దదయింది అంతే" అన్నారు.

ఆ ఆటను ఇటలీ వాళ్లు బొచ్చె అంటారు. వలస వచ్చిన ఇటాలియన్లతో అమెరికా చేరి, ఇక్కడి నోళ్లలో నాని బాచీ అయింది. అసలు పేరు చెప్పగానే అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "రోజూ సాయంత్రం బొచ్చె పట్టుకుని పార్కుకి వెళ్తున్నామని మీ పిన్నికి చెప్పనా?" అంది. అందుకని నేనూ ఇక్కడ బాచీ అనే రాస్తున్నాను.

ఒక సెట్టు కొందామని వెతకడం మొదలుపెడితే బాచీకి బోలెడంతమంది అన్నదమ్ములు బయటపడ్డారు. ఫ్రాన్సులో పెటాంక్, ఇంగ్లండు, ఆస్ట్రేలియాల్లో లాన్ బౌల్స్, పారాలింపిక్స్‌లో బొచ్చియా. మాల్‌లో ఉండే టెన్‌పిన్ బౌలింగ్ సరేసరి. ఏది మంచిదని అడిగితే ఎవరి ఆట వాళ్లు మెచ్చుకుంటారు. దాదాపు ఏడాదిగా వీటిలో నాలుగు ఆడి చూశాక, ఒకటి చూసి తెలుసుకున్నాక రాస్తున్నదిది.

ఏం చూసుకోవాలి

మొదటిది నేల. అందరూ బంతుల రంగు, సెట్టు ధర చూస్తారు. నిజానికి మీకు దగ్గర్లో ఉన్న నేల పచ్చికా, కంకర మట్టా, తివాచీలా కత్తిరించిన గడ్డా అన్నదే సగం సమాధానం చెప్పేస్తుంది. నేలకి నప్పని ఆట కొంటే సెట్టు గ్యారేజీలోనే ఉండిపోతుంది.

రెండోది ఒళ్లు. మోకాళ్లు వంగుతాయా, నడుం పడుతుందా, మణికట్టు ఎంత బరువు మోస్తుంది. ఈ ఆటలన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి. కానీ గంటలో ముప్పై నలభై సార్లు వంగి బంతి తీయాలి. మర్నాడు పొద్దున మంచం దిగేటప్పుడు ఆ లెక్క తెలుస్తుంది.

మూడోది, ఎంతమంది ఆడతారు, వాళ్లలో పిల్లలెంతమంది. ఎంత తొందరగా పట్టుబడుతుంది, ఎంత ఖర్చు అన్నవి ఆ తర్వాతి మాటలు.

బౌలింగ్ తప్ప మిగతావన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి. ముందు ఒక చిన్న బంతిని వేస్తారు. తర్వాత ఇరుపక్షాలూ తమ పెద్ద బంతుల్ని దానికి ఎంత దగ్గరగా చేర్చగలవో చూస్తాయి. బాచీలో ఆ చిన్న బంతి పేరు పల్లీనో (మా ఆవిడది వరంగల్, మొదటి రోజే దాన్ని పల్లీ చేసేసింది). పెటాంక్‌లో కొషోనే, అంటే ఫ్రెంచిలో పందిపిల్ల. లాన్ బౌల్స్‌లోనూ బొచ్చియాలోనూ జాక్.

లెక్క ఇలా ఉంటుంది. బంతులన్నీ వేయడం అయిపోయాక పల్లీనోకి బెత్తెడు దూరంలో ఒక ఎర్ర బంతి, జానెడు దూరంలో ఇంకో ఎర్ర బంతి ఉన్నాయనుకోండి. నీలం బంతుల్లో దగ్గరగా ఉన్నది మూరెడు దూరంలో ఉంది. ఎరుపుకి రెండు పాయింట్లు, నీలానికి సున్నా. ఆ మూరెడుకి అవతల ఎర్ర బంతులు ఇంకా ఉన్నా లెక్కలోకి రావు. ఎప్పుడూ ఒక్క పక్షానికే పాయింట్లు. జానెడా, జానెడు మీద వేలెడా అని తగువు వస్తే టేపు తీయాల్సిందే.

| ఆట | బంతి | నేల | దూరం లేదా కోర్టు | గెలుపు |
|---|---|---|---|---|
| బాచీ (రఫా అనే పోటీ పద్ధతి) | 107 మి.మీ., 920 గ్రా. | చదునైన కోర్టు. సరదాకైతే పచ్చిక | సుమారు 26.5 మీ. పొడవు | సాధారణంగా 12 |
| పెటాంక్ | 70.5–80 మి.మీ., 650–800 గ్రా., లోహం | కంకర, గట్టి మట్టి | 6–10 మీ. | 13 |
| లాన్ బౌల్స్ | 1.59 కిలోల దాకా, ఒక పక్కకి ఒరిగేది | నున్నగా కత్తిరించిన పచ్చిక | 31–40 మీ. గ్రీన్ (ఆడే పచ్చిక మైదానం) | సింగిల్స్‌లో 21 |
| బొచ్చియా | సుమారు 275 గ్రా., మెత్తటిది | ఇండోర్ ఫ్లోర్ | 12.5 × 6 మీ. | సింగిల్స్‌లో 4 రౌండ్లు |
| టెన్‌పిన్ బౌలింగ్ | 16 పౌండ్ల దాకా | నూనె పూసిన లేన్ | పిన్నుల దాకా 60 అడుగులు | గరిష్ఠం 300 |

బాచీ: ఇంటిల్లిపాదికీ

ఒక్కో పక్షానికి నాలుగేసి, మొత్తం ఎనిమిది బంతులు. నలుగురుంటే మనిషికి రెండు, ఇద్దరే ఉంటే మనిషికి నాలుగు. ఎనిమిది మంది వచ్చినా మనిషికో బంతి దక్కుతుంది. వారాంతంలో రెండు కుటుంబాలు కలిసినప్పుడు ఎవరినీ ఊరికే కూర్చోబెట్టక్కర్లేని ఆట ఇదొక్కటే.

దీనికి వంతుల పద్ధతి బాగా కుదిరింది. టాస్ గెలిచినవాళ్లు పల్లీనో వేసి, మొదటి బంతి కూడా వేస్తారు. తర్వాత అవతలి పక్షం వేస్తుంది. అక్కడి నుంచి ఎవరి బంతి పల్లీనోకి దూరంగా ఉందో వాళ్లదే వంతు, అది దగ్గర పడేదాకా లేదా వాళ్ల బంతులు అయిపోయేదాకా. అంటే మీరు మొదటి బంతినే పల్లీనోకి ఆనించి ఆపారనుకోండి, అవతలివాళ్లు తమ నాలుగు బంతులూ దాని మీదే ఖర్చు పెట్టేయవచ్చు. ఆ తర్వాత మీ చేతిలో మూడు బంతులు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఈ కిటుకు నాన్నకి రెండో రోజే అర్థమైంది. అప్పటిదాకా గట్టిగా విసరడమే ఆట అనుకున్న మా అబ్బాయికి అర్థం కావడానికి నెల పట్టింది.

చెక్క గోడలున్న కోర్టులో బంతిని పక్క గోడకి కొట్టి మలుపు తిప్పి లోపలికి పంపవచ్చు. క్యారమ్స్ ఆడిన చేతికి ఇది ఇట్టే వస్తుంది. చివరి గోడ సంగతి వేరు. మధ్యలో ఏ బంతినీ తాకకుండా నేరుగా వెళ్లి దానికి కొట్టుకుంటే ఆ బంతి పోయినట్టేనని మా పార్కులో రూలు.

ఇక లోపాలు. అంగడిలో దొరికే పెరటి సెట్లలో బంతులు చాలావరకు అసలు కొలత కంటే చిన్నవి, తేలికవి. పచ్చికలో పర్వాలేదు, కోర్టులో ఆగకుండా జారిపోతాయి. పార్కులో కోర్టు ఉంటే 107 మిల్లీమీటర్లవే తీసుకోండి. ఇంటి వెనక గడ్డి మాత్రమే ఉంటే చిన్నవి చాలు. అయితే గడ్డి చీలమండ దాకా పెరిగితే బంతి మూడడుగుల్లో ఆగిపోతుంది. అప్పుడది బాచీ కాదు, బంతులు విసురుకోవడం.

రెండోది నడుం. ప్రతి రౌండు చివరా ఎనిమిది బంతులు వంగి ఏరాలి. ఒక్కోటి దాదాపు కిలో. మా ఇంట్లో ఆ పని పిల్లలది, బంతికి పావు డాలరు లెక్కన.

ఇటలీలో దీన్ని క్రీడగా ఆడేవాళ్లు వేరే లోకంలో ఉంటారు. వోలో అనే పద్ధతిలో లోహపు బంతుల్ని దొర్లించడమే కాదు, పరుగెత్తుకొచ్చి గాల్లోకి లేపి లక్ష్యాన్ని కొడతారు కూడా. అందులో ఒక పోటీ ఐదు నిమిషాల పాటు ఆగకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెడుతూ కొట్టడమే. ముసలివాళ్ల ఆట అని నవ్వే కుర్రాళ్లకి ఆ వీడియోలు చూపించండి.

పెటాంక్: కంకర, మట్టి, మోకాళ్ల నొప్పులు

దక్షిణ ఫ్రాన్సులో అంతకుముందు ఉన్న ఆటలో మూడడుగులు పరుగెత్తి బంతి వేసేవారు. 1907 ప్రాంతంలో మార్సెయి దగ్గర లా సియోటా అనే ఊళ్లో జూల్ అనే పాత ఆటగాడికి కీళ్ల నొప్పులు పట్టుకుని పరుగు ఆగిపోయిందట. అతని కోసం దూరం తగ్గించి, రెండు కాళ్లూ నేలకి ఆనించి నిలబడే వేసేలా రూలు మార్చారని చెప్తారు. పేరుకి అర్థం కూడా నాటుకున్న కాళ్లు అనే. నొప్పులున్నవాళ్ల కోసమే పుట్టిన ఆట ఇంకోటి నాకు తెలియదు.

నేల మీద ఓ మూరెడు వెడల్పు సున్నా గీసి అందులో నిలబడాలి. ఆరు నుంచి పది మీటర్ల దూరంలో పందిపిల్ల. బంతిని అరచేయి కిందికి పెట్టి పట్టుకుంటారు. వదిలేటప్పుడు వెనక్కి తిరిగేలా వేస్తే పడ్డ చోటే ఆగుతుంది. బాచీ నుంచి వచ్చినవాళ్లకి ఇదే కష్టం. వాళ్లు దొర్లిస్తారు, కంకర ఆ బంతిని ఎటో తీసుకుపోతుంది. ఇక్కడ దొర్లించడం తక్కువ, ఎత్తుగా వేసి దింపడం ఎక్కువ.

జట్టులో ఒకరు దగ్గరగా చేర్చేవాడు, ఇంకొకరు అవతలి బంతిని కొట్టి ఎగరగొట్టేవాడు. కొట్టిన బంతి సరిగ్గా అవతలి బంతి ఉన్న చోటే నిలబడిపోతే కారో అంటారు. గోలీలాటలో ఎదుటివాడి గోలీని టక్కున లేపేసి మన గోలీ అక్కడే తిరుగుతూ నిలబడ్డప్పుడు గుండెలో ఏం జరిగేదో గుర్తుందా, అచ్చం అదే. 13–0తో ఓడితే ఫానీ అయ్యాడంటారు. ఆ ఓడినవాడు ఫానీ అనే అమ్మాయి బొమ్మకి వెనక భాగాన్ని ముద్దు పెట్టుకోవాలని అక్కడి ఆచారం. కుటుంబంతో ఆడేటప్పుడు ఈ వివరం దాచిపెట్టుకోవచ్చు.

పెద్దవాళ్లకి ఇందులో ఒక సౌకర్యం ఉంది. బంతులు ఉక్కువి కాబట్టి తాడుకి కట్టిన అయస్కాంతం వేలాడదీసి, వంగకుండానే పైకి లాగేయవచ్చు. బాచీ బంతులు ప్లాస్టిక్ లాంటి పదార్థంతో చేసినవి, అయస్కాంతానికి అంటవు. నడుం నొప్పి ఉన్న మనిషికి బాచీనా పెటాంకా అన్న ప్రశ్న ఈ తాడు దగ్గరే తేలిపోతుంది.

చిన్న పిల్లలతో మాత్రం జాగ్రత్త. ముప్పావు కిలో ఉక్కు గుండు గాల్లోంచి దిగుతుంది. ఐదేళ్లవాడు పందిపిల్లను పట్టుకోవడానికి పరుగెత్తే ఇంట్లో నేనైతే ఇది కొనను. మనుషులు ఎక్కువైనా కుదరదు, జట్టుకి ముగ్గురు దాటరు.

మన దేశంలో చూడాలంటే పుదుచ్చేరి వెళ్లండి. ఫ్రెంచి పాలన పోయినా ఈ ఆట అక్కడ ఉండిపోయింది.

లాన్ బౌల్స్: క్లబ్బు ఉంటేనే

ఇందులో బంతి పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్క చెక్కు తేడాగా ఉండటంతో వేగం తగ్గేకొద్దీ అటువైపు ఒరుగుతుంది. లోపల సీసం పెడతారనుకుంటారు చాలామంది, అదేమీ లేదు, ఆకారమే అలాంటిది. జాక్‌కి సూటిగా గురిపెడితే మీ బంతి దాన్ని దాటి పక్కకి పోతుంది. కాబట్టి దేనికి చేర్చాలో దాని వైపు చూడకుండా, పక్కన ఖాళీ గడ్డి వైపు వేయాలి. మొదటి రోజు నా బంతులు రెండు పక్క రింకులోకి, అంటే పక్కవాళ్లు ఆడే గడ్డి పట్టీలోకి వెళ్లి, అక్కడ ఆడుకుంటున్న పెద్దావిడ చేత చీవాట్లు తినిపించాయి.

ఈ ఆటలో మన దేశానికి పెద్ద కథే ఉంది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోని సైకియా, రూపా రాణి తిర్కీ ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17–10తో ఓడించి స్వర్ణం తెచ్చారు. లాన్ బౌల్స్‌లో భారత్‌కి అదే మొదటి పతకం. ఆ రోజు దాకా ఇదేం ఆట అన్నవాళ్లందరూ ఆ సాయంత్రానికి నిపుణులైపోయారు, నాతో సహా.

సొంతంగా సెట్టు కొని పెరట్లో ఆడే ఆట మాత్రం కాదు. గడ్డి తివాచీలా ఉండాలి, దాన్ని అలా ఉంచడానికి మనుషులు కావాలి, బూట్ల అడుగు చదునుగా ఉండాలి. అంటే క్లబ్బే దిక్కు. మెల్‌బోర్న్, సిడ్నీల్లో ఉన్న మనవాళ్లకి అదృష్టం బాగుంది. అక్కడ క్లబ్బుల్లో బేర్‌ఫుట్ బౌల్స్ అని చెప్పులు విప్పేసి ఆడుకునే సరదా ఆట దొరుకుతుంది, బంతులు వాళ్లే ఇస్తారు. అమెరికాలో ఉంటే ముందు ఊళ్లో గ్రీన్ ఉందో లేదో చూసుకోండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి దీని మీద మనసు పడితే, నిజం చెప్తున్నా, మీ టెన్షన్ ఆటతో కాదు, గడ్డితో.

వేసేటప్పుడు ఒక కాలు ముందుకి వేసి బాగా వంగాలి. మోకాలు సహకరించనివాళ్లకి, నిలబడే బంతిని వదిలేందుకు పొడవాటి చేతికర్ర లాంటి పరికరం ఉంది.

బొచ్చియా: చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి

పేరు బొచ్చెకి ఏకవచనమే, ఆట వేరు. సెరిబ్రల్ పాల్సీ లాంటి సమస్యలున్నవాళ్ల కోసం రూపొందింది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. బంతులు మెత్తటివి, ఆరు ఎరుపు, ఆరు నీలం, ఒక తెల్ల జాక్. చేత్తో వేయలేనివాళ్లు వాలు పట్టీ మీద నుంచి వదలవచ్చు. అప్పుడు పక్కన సహాయకుడు ఉంటాడు కానీ అతను కోర్టుకి వీపు పెట్టి కూర్చోవాలి. పట్టీని ఎటు తిప్పాలో, ఎంత ఎత్తు నుంచి వదలాలో ఆడేవాళ్లే చెప్పాలి, సహాయకుడు తిరిగి చూడకూడదు. గురి పూర్తిగా ఆడేవాళ్లదే. నేను ఆడలేదు, మా ఆఫీసులో ఒకావిడ కూతురు ఆడుతుంటే చూశాను. ఇంట్లో అలాంటి పిల్లలుంటే మిగతా సెక్షన్లన్నీ వదిలేసి ఇది చూడండి. హాల్లో ఫర్నిచరు జరిపినా మొదలుపెట్టేయవచ్చు.

టెన్‌పిన్ బౌలింగ్

హైదరాబాద్ మాల్స్‌లో సులువుగా దొరికేది ఇదే. వానైనా ఎండైనా ఏసీలో ఆడుకోవచ్చు. కాకపోతే ఇది దగ్గరగా చేర్చే ఆట కాదు, పడగొట్టే ఆట. డబ్బు ఆడినప్పుడల్లా కట్టాలి. బొటనవేలు, మధ్య రెండు వేళ్లు రంధ్రాల్లో దూర్చి బరువు మోయాలి కాబట్టి కీళ్లవాతం ఉన్న చేతులకి మంచిది కాదు. అమ్మ ఒక్కసారి ఆడి, అద్దె బూట్లు వేసుకోవడమే నచ్చలేదని మళ్లీ రానంది. పుట్టినరోజు పార్టీకి బాగుంటుంది. రోజువారీ అలవాటుకి కాదు.

మరి మీరు ఏది తీసుకోవాలి

పిల్లలు, పెద్దలు, అప్పుడప్పుడూ చుట్టాలు ఉండే ఇంటికి బాచీ. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పార్కులో కోర్టు ఉందో లేదో కొనకముందే చూసుకోండి.

ఇద్దరే ఉండే ఇంటికి, ముఖ్యంగా రిటైరైన దంపతులకి పెటాంక్. తక్కువ చోటు చాలు, అయస్కాంతం ఉంది, రోజుకో గంట ఆడినా విసుగు రాదు. పట్టుబడడానికి మాత్రం బాచీ కంటే సమయం పడుతుంది. మొదటి పది రోజులూ పోటీ పెట్టుకోకండి, ఒకరి బంతిని ఒకరు కొట్టడం మొదలుపెడితే ఇంటికెళ్లాక కూడా అది ఆగదు.

ఒక ఆటను ఏళ్ల తరబడి నేర్చుకోవాలని, పోటీలకి వెళ్లాలని ఉన్నవాళ్లకి లాన్ బౌల్స్, క్లబ్బు పక్కనే ఉంటే. పరుగెత్తే వయసు, ఓపిక ఉంటే ఇటలీ వోలో నేర్పేవాళ్లని వెతకండి, దొరకడం కష్టమే అయినా.

ఊరికి తీసుకెళ్లడానికి కొనేవాళ్లు ఒక లెక్క వేసుకోవాలి. బాచీ బంతులు ఎనిమిది కలిపి ఏడు కిలోల పైమాట. ఇరవైమూడు కిలోల పెట్టెలో మూడో వంతు పోతుంది. ఇద్దరికి సరిపడా పెటాంక్ బంతులు ఆరు, ఐదు కిలోల లోపే. పైగా మన ఊళ్లలో పచ్చిక ఎక్కడిది? గట్టి మట్టి వాకిలి, కంకర పోసిన సందు, ఎండాకాలంలో ఖాళీగా పడున్న కళ్లం. పెటాంక్‌కి ఇంతకంటే మంచి నేల ఫ్రాన్సులోనూ ఉండదు. తీసుకెళ్తే చెక్-ఇన్ లగేజీలోనే వేయండి, ఉక్కు గుండ్లు చేతి సంచిలో పెట్టుకుని సెక్యూరిటీ దగ్గర వాదించే ఓపిక ఎవరికీ ఉండదు.

నాన్న అలాగే పట్టుకెళ్లారు. ఇంటి వెనక మట్టిలో సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే పక్కింటి మాస్టారు, ఎదురింటి రైస్‌మిల్లు ఆయన వచ్చేస్తున్నారట. పోయిన నెలలో పందిపిల్ల మురుగుకాలవలో పడి కొట్టుకుపోయింది. ఇక్కడి నుంచి కొత్తది పంపిస్తానంటే వద్దన్నారు. నిమ్మకాయతో ఆడుతున్నారట, కాకపోతే సూటిగా దొర్లట్లేదని మాస్టారు రోజూ గొడవ పెడుతున్నారట.